తెలుగేతరులకు ఆన్‌లైన్ తెలుగు పాఠము : కాదు – లేదు భేదము ఉదాహరణముగా నొక పరిశీలన

ఉపోద్ఘాతము

మాతృభాషగా తెలుగు నేర్పుట వేఱు, పరభాషగా నేర్పుట వేఱు. తెలుగునాట బోధించు ఉపాధ్యాయునకు ఊరంతయు సహోపాధ్యాయుడే. అంగడిలో, బస్సులో, ఇంటి ముంగిట విద్యార్థి వినిన మాటలను తరగతిలో సరిదిద్ది క్రమపఱచుటయే అతని పని. తెలుగునాటికి దూరమున నున్న విశ్వవిద్యాలయమున తెలుగు చెప్పువానికి ఆ సహాయము లేదు. వారమునకు నాలుగు గంటలపాటు తరగతిలో వినబడిన తెలుగే అచ్చటి విద్యార్థి ఎఱిగిన తెలుగు. తరగతి ముగిసి గడప దాటినంతనే అతని చుట్టును హిందీయో, బెంగాలీయో, ఒడియాయో వినబడును.

2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతట సంచారనిర్బంధము విధింపబడినపుడు ఆ నాలుగు గంటలును తరగతి గదిని వీడి మొబైల్ తెరమీదికి చేరినవి. విశ్వవిద్యాలయములు మరల తెఱువబడిన పిమ్మటను కొంత బోధన ఆ తెరమీదనే నిలిచిపోయినది. కావున ఆన్‌లైన్ పాఠము నిక ఆపద్ధర్మముగా గాక, బోధనలో నొక శాశ్వత విభాగముగా నెంచి, దాని నిర్మాణమును విచారింపవలసి యున్నది. ఒక్క వ్యాకరణాంశమును గైకొని, దానికి పాఠ మెట్లు కూర్పవచ్చునో ఈ వ్యాసమున నిరూపింప యత్నించెదను. సామాన్య సూత్రములు చెప్పుట సులభము. ఒక పాఠమును ఆద్యంతము కూర్చి చూచినగాని వాని బలాబలములు తెలియవు.

పూర్వప్రయత్నములు

పరభాషీయులకు తెలుగు నేర్పు యత్నము క్రొత్తది కాదు. సి. పి. బ్రౌను వ్యాకరణము 1840లో వెలువడినది. ఏ. హెచ్. ఆర్డెన్ 1873లో ప్రకటించిన వ్యాకరణమునకు పెట్టిన పేరులోనే క్రమాభివృద్ధి యను భావ మిమిడియున్నది. సులభమునుండి కఠినమునకు మెట్టు మెట్టుగా నడిపింపవలె ననుట ఆయన యుద్దేశము. గ్రంథము ఎంత మంచిదైనను అది విద్యార్థి తప్పును వినజాలదు. అందుకు గురువు కావలెను.

దూరమునుండి బోధించుటకు యంత్రసాధనములు వచ్చిన పిమ్మటను ఈ కొఱత తీరలేదు. 1975–76లో జరిగిన ఉపగ్రహ దూరదర్శన ప్రయోగము ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములకు కార్యక్రమములను చేర్చినది. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ మొకటి. 1982లో హైదరాబాదున దేశమందలి మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. 2017లో కేంద్ర ప్రభుత్వము స్వయం అను పేర అంతర్జాల పాఠ్యవేదికను ప్రారంభించినది. ఒక్కొక్క సాధనమును బోధకుని కంఠమును అంతకంతకు దూరముగా వినిపించినది. కాని భాషాబోధనలో ప్రధానమైనది బోధకుని కంఠము గాదు, విద్యార్థి కంఠము. అది తిరిగి గురువునకు వినబడు మార్గము లేనిచో పాఠము ప్రసంగముగానే మిగిలిపోవును. ఆన్‌లైన్ సాధనమునందు ఆ తిరుగు మార్గము కలదు. దానిని వాడుచున్నామా లేదా యనునదే ప్రశ్న.

నా మొదటి పాఠముల లోపము

2020 వేసవిలో నేను చేసిన పని చాలమంది అధ్యాపకులు చేసినదే. తరగతిలో చెప్పు ఏబది నిమిషముల ఉపన్యాసమును అట్లే వీడియోగా తీసి పంపితిని. కాదు, లేదు అను రూపములమీద చేసిన పాఠము వానిలో నొకటి. ధాతువులు, పురుష వచన భేదములు, ప్రాచీన ప్రయోగములు అన్నియు నందు చేర్చితిని. విద్యార్థులందఱును దానిని చూచినట్లు లెక్కలు తెలిపినవి. నాకు తృప్తి కలిగినది.

నెల తరువాత మౌఖిక పరీక్షలో ఒక విద్యార్థిని "ఇది మీ పుస్తకమా?" అని యడిగితిని. అతడు తడుముకొనక "లేదు" అనెను. సూత్రము చెప్పుమనగా తప్పులేక చెప్పెను! సూత్రము నెఱిగియు ప్రయోగమున తప్పినవాడు అతడొక్కడే కాదు. విద్యార్థులు పాఠమును చూచిరి గాని పాఠమున పాల్గొనలేదని నాకప్పుడు తెలిసినది.

రెండవ లోప మింతకంటె బాధాకరము. ప్రత్యక్ష సమావేశములలో ఒక విద్యార్థిని ఎప్పుడును ధ్వనిగ్రాహకమును మూసియుంచెడిది. పిలిచినను పలికెడిది కాదు. శ్రద్ధలేనిదని తలచి హాజరుపట్టికలో ఆమె పేరెదుట ప్రతికూలముగా వ్రాసితిని. సత్రాంతమున ఆమె కోర్సు విడిచిపెట్టుటకు అనుమతి కోరగా కారణ మడిగితిని. ఒకే గది యిల్లు. తాను తప్పు తెలుగు పలుకుచుండగా తండ్రియు సోదరులును విని నవ్వుదురు. ఆ సిగ్గుచేత నోరు మెదపలేకపోతి ననెను. తరగతి గదిలో తప్పు పలికినచో వినువారు తోటి అభ్యాసకులు మాత్రమే. ఆన్‌లైన్ తరగతి ఆమె యింటిలోనే జరుగుచున్నదని నేను తలపనైతిని. వ్రాసినదానిని కొట్టివేసితిని. ఆమె కోర్సు విడువలేదు. కాని అటుపై నా పాఠముల కూర్పు మాఱినది.

కాదు – లేదు : చిక్కు ఎక్కడ నున్నది?

పాఠమును కూర్చుటకు ముందు విద్యార్థి ఎచ్చట, ఏల తప్పుచున్నాడో తెలియవలెను. "ఇది పుస్తకం కాదు" అనుటకును, "ఇక్కడ పుస్తకం లేదు" అనుటకును హిందీలో "నహీఁ హై" యొక్కటే చాలును. కావున హిందీ విద్యార్థికి చిక్కు వ్యతిరేకార్థమునందే యున్నదని తొలుత నేను భావించితిని. నిదానించి చూడగా చిక్కు అంతకు ముందే, అన్వయార్థముననే మొదలగుచున్నది. తెలుగున "ఇది పుస్తకం" అనుచో క్రియాపదము లేదు. "ఇక్కడ పుస్తకం ఉంది" అనుచో కలదు. హిందీలో రెండింటను "హై" యే వచ్చును. అన్వయమునందు భేదము గమనింపనివాడు వ్యతిరేకమునందు భేద మెట్లు గ్రహించును?

దీనినుండి విద్యార్థి స్వయముగా పరీక్షించుకొన దగిన సూత్రమొకటి లభించుచున్నది. వాక్యమును ముందు అన్వయార్థమునకు మార్చవలెను. అందు క్రియ లేనిచో వ్యతిరేకమున 'కాదు', 'ఉంది' యున్నచో 'లేదు'. కాడు, లేడు, కారు, లేరు మొదలగు పురుష వచన రూపములును, 'రాలేదు' వంటి భూతకాల వ్యతిరేకమును తరువాతి పాఠములకు విడువవచ్చును. మొదటి పాఠమున వానినన్నిటిని కూర్చుటయే నేను చేసిన తప్పు.

ఇంతకంటె ఉపయోగకరమైన విషయ మింకొకటి కలదు. బెంగాలీలో కాదు అనుటకు "నయ్" అనియు, లేదు అనుటకు "నేఇ" అనియు వేఱు వేఱు మాట లున్నవి. అన్వయమునందును తెలుగున వలెనే మొదటిదానికి క్రియ లేదు, రెండవదానికి "ఆఛే" కలదు. ఒడియాలోను ఇట్టి భేదమే యున్నది. కన్నడ మలయాళములందు 'అల్ల', 'ఇల్ల' యను రూపములు దీనిని స్పష్టముగా నిలుపుకొన్నవి. తమిళమున గ్రంథభాషయందు 'అల్ల' నిలిచియున్నను నేటి వ్యవహారమున 'ఇల్లై' యే రెండింటికిని చెల్లుచున్నది. అనగా నా తరగతిలో బెంగాలీ విద్యార్థికి ఈ పాఠ మరగంటలో వచ్చును. హిందీ విద్యార్థికి వారము పట్టును. అందఱికిని ఒకే వేగమున, హిందీ మాధ్యమముననే బోధించి, తెలిసినవానికి విసుగును, తెలియనివానికి భయమును కలిగించితిని.

గిడుగు రామమూర్తి పర్లాకిమిడి ప్రాంతమున సవరలకు చదువు చెప్పదలచి, ముందు తాను సవర భాష నేర్చుకొనెను. విద్యార్థి భాష నెఱుగుట బోధకుని మొదటి కర్తవ్య మనుటకు ఇంతకు మించిన నిదర్శన మక్కఱలేదు. మన తరగతిలోని అన్ని భాషలను నేర్చుట సాధ్యము కాకపోవచ్చును. బోధింపబోవు అంశమునకు ఆయా భాషలలో సమాన మేమున్నదో విద్యార్థులనే యడిగి తెలిసికొనుట మాత్రము సాధ్యమే.

పాఠ నిర్మాణము

పై విచారణ ననుసరించి ఆ పాఠమును తిరుగ కూర్చితిని. దాని యంగము లివి.

(1) వినికిడి. మూడు నిమిషముల ధ్వనిముద్రణము. టీ అంగడిలో సంభాషణ. ఒకచో దుకాణదారుడు "కాఫీ లేదు, టీ ఉంది" అనును. మఱియొకచో గ్లాసు నందుకొన్నవాడు "ఇది కాఫీ కాదు, టీ" అనును. వివరణ లేదు, లిపి లేదు. అంగడిలో దొరకని దేది, పొరపాటున ఇచ్చిన దేది యను రెండు ప్రశ్నలు మాత్ర ముండును. భేదము నెఱుగనిదే వీనికి ఉత్తరము రాదు. కావున విద్యార్థి చెవి యొగ్గి వినును. పాఠములోని భాష వ్యవహారభాషయే కావలెను. 'ఉన్నది' యని నేర్చి అంగడికి వెళ్ళినవానికి 'ఉంది' వినబడినచో తబ్బిబ్బగును.

(2) స్వభాషతో పోలిక. ఆ రెండు వాక్యములను విద్యార్థి తన మాతృభాషలో వ్రాయవలెను. హిందీ విద్యార్థికి బెంగాలీ లేక ఒడియా విద్యార్థిని జతపఱచవలెను. తరగతి గదిలో ప్రక్క బల్లవాడు మెల్లగా చెప్పెడి సాయము ఆన్‌లైన్ తరగతిలో నశించినది. దానిని పాఠకర్తయే బుద్ధిపూర్వకముగా తిరిగి కల్పింపవలెను.

(3) సూత్రము. నాలుగు నిమిషములు మించరాదు. పైన చెప్పిన అన్వయపరీక్ష యొక్కటే, రెండు ఉదాహరణములతో. నిడివి విషయమున ఒక పరిశోధన గమనింపదగినది. 2014లో ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ అనువారు ఎడ్‌ఎక్స్ వేదికపై 69 లక్షల వీక్షణములను పరిశీలించి, వీడియో ఎంత దీర్ఘమైనను మధ్యస్థ వీక్షణకాలము 6 నిమిషములకు మించలేదని తెలిపిరి.

(4) అభ్యాసము. పది వాక్యములు. "అది మా ఇల్లు ——", "మా ఇంట్లో కుక్క ——" అను తీరున ఖాళీలు పూరింపవలెను. తప్పునకు 'తప్పు' అని మాత్రమే చెప్పి యూరకుండరాదు. 'ఈ వాక్యమును అన్వయముగా చెప్పిన అందు ఉంది వచ్చునా?' అను ప్రశ్న వెంటనే కనబడవలెను. విద్యార్థి తన తప్పును తానే దిద్దుకొనును.

(5) పలుకు. విద్యార్థి తన గదిలో లేని వస్తువులు మూడింటిని గుఱించి, చూచుట కొకటియై నిజమునకు మఱియొకటియైన వస్తువు నొకదానిని గుఱించి అరనిమిషము పలికి ముద్రించి పంపవలెను. "మా గదిలో కుర్చీ లేదు. ఇది మంచం కాదు, బల్ల" వంటి మాటలు వచ్చును. ఎప్పుడు, ఎచ్చట పలుకవలెనో విద్యార్థి యిష్టము. గురువు దక్క మఱెవ్వరును వినరు. పైన చెప్పిన విద్యార్థిని తన మొదటి ముద్రణమును మిద్దెమీద, వెనుక కాకుల కూతలు వినబడుచుండగా పంపినది. ఆమె ఉచ్చారణ తరగతిలో మేలైనవానిలో నొకటి యని నాకు తెలిసినది అప్పుడే.

(6) ప్రత్యక్ష సమావేశము. నలుబది నిమిషములు. ఉపన్యాస ముండరాదు. వచ్చిన ముద్రణములలో తఱచు కనబడిన తప్పులను, పేర్లు చెప్పక, చర్చించుటకును, ఇద్దరిద్దరుగా టీ అంగడి సంభాషణ నడపుటకును ఈ కాలము వినియోగింపవలెను. చూచి తెలిసికొనదగినది ముద్రణముననే యుండవలెను. ముఖాముఖి కాలము మాటకు మాట చెప్పుటకు మిగులవలెను.

(7) పునఃపరీక్ష. మూడవనాడు మూడు ప్రశ్నలు. మరుసటి వారము మఱి మూడు, ఇతర పాఠముల ప్రశ్నలతో కలిపి. రోడిగర్, కార్పికీ అనువారు 2006లో ప్రకటించిన ప్రయోగమున, చదివినదానినే మరల చదివినవారికంటె, చదివినదానిని జ్ఞాపకము నుండి చెప్పయత్నించినవారు రెండు దినముల తరువాతను, వారము తరువాతను ఎక్కువ నిలుపుకొనిరి. అయిదు నిమిషముల తరువాత పరీక్షించినపుడు మాత్రము మరల చదివినవారిదే పైచేయి. పాఠము ముగిసినంతనే పెట్టు పరీక్షనుబట్టి మనము మోసపోవుట కిదియే హేతువు.

సాధన సంపత్తి

పాఠ మెంత చక్కగా కూర్చినను అది విద్యార్థికి చేరవలెను గదా! సెకనుకు 500 కిలోబిట్ల ప్రమాణము గల వీడియో గంటకు 225 మెగాబైట్లగును. సెకనుకు 32 కిలోబిట్ల ధ్వనిముద్రణము ఎనిమిది నిమిషములకు రెండు మెగాబైట్లకు మించదు. పై పాఠమున వినికిడియు సూత్రమును కలిసి ఏడు నిమిషములే. భాషాబోధనకు చెవియే ప్రధానము గావున బోధకుని ముఖము ఎల్లప్పుడు కనబడ నక్కఱలేదు. వీడియో కావలసినచోట్లు కొన్ని కలవు. అక్షరములను వ్రాయు తీరు, ట–త, డ–ద, ణ–న వర్ణముల నాలుక స్థానము చూపుట అట్టివి. వానిని ఒక్కొక్క నిమిషపు తునకలుగా నిచ్చిన చాలును. కొండ ప్రాంతపు విద్యార్థి రాత్రివేళ సంకేతము అందినప్పుడు దించుకొని, పగలు వినగలుగును.

వలస కుటుంబముల విద్యార్థులు

రాష్ట్రేతర ప్రాంతముల తరగతులలో రెండవ తెగవారు కొందఱుందురు. ఖరగ్‌పూరు రైల్వే కుటుంబములవారు, షోలాపూరు పద్మశాలి కుటుంబములవారు ఇంట తెలుగు వినుచు పెరిగి, బడిలో వేఱు భాష చదివినవారు. వీరికి కాదు–లేదు భేదము చెప్పబూనుట ఈతవచ్చినవానికి నీరు చూపుట వంటిది. వీరి కొఱత లిపియందును, గ్రంథభాషా పరిచయమునందును కలదు. హ్రస్వ దీర్ఘములు చెవికి తెలిసియు వ్రాతలో తప్పుదురు. మెడ–మేడ, నెల–నేల, కొన–కోన వంటి జంటలను విని వ్రాయు అభ్యాసము వీరికి తగినది. హిందీ లిపిలో ఎకార ఒకారములకు హ్రస్వచిహ్నములు నిత్యవ్యవహారమున లేనందున ఈ తప్పు సహజము. మొదటి దినమున పది ప్రశ్నల వినికిడి పరీక్ష పెట్టి ఈ రెండు తెగలను గుర్తించినచో ఎవరి పాఠము వారి కీయవచ్చును. ఒకే గదిలో కష్టమైన ఈ విభజన ఆన్‌లైన్ పద్ధతిలో సులభము. దీనికి గల నిజమైన సౌలభ్యములలో నిది మొదటిది. వీరిని మొదటి తెగవారితో సంభాషణకు జతపఱచినచో ఉభయులకును లాభము. ఇంట వినిన తెలుగు చిన్నతనపు ముచ్చట యని తలచువారికి, అది యొకరికి నేర్పదగిన విద్యయని తెలియును.

ఆక్షేపణ – సమాధానము

ఇంత పని ఎవరు చేయుదురని యడుగవచ్చును. ముప్పదిమంది విద్యార్థులున్నచో అరనిమిషపు ముద్రణములు వినుటకు పదునైదు నిమిషములు, ఒక్కొక్కరికి ఒక నిమిషము ప్రత్యుత్తరమునకు ముప్పది నిమిషములు, వెరసి నలుబదియైదు నిమిషములు. మానిన ఉపన్యాసము ఏబది నిమిషములు. శ్రమ తగ్గలేదు, స్థానము మాఱినది. దీనిని అధికారులును గుర్తింపవలెను. ఒకమారు ముద్రించిన పాఠము పదేండ్లు నడచును గావున అధ్యాపకుని యవసరము తగ్గునను భావము అక్కడక్కడ వినబడుచున్నది. రాష్ట్రేతర ప్రాంతములందలి తెలుగు శాఖలు చాలవఱకు ఒకరిద్దరు అధ్యాపకులతో నడచునవి. వానికి ఈ భావము ప్రమాదకరము. ముద్రణము సూత్రమును చెప్పగలదు. విద్యార్థి మిద్దెమీద పలికిన అరనిమిషమును విని, ఎచ్చట తప్పినదో, ఎచ్చట మెఱుగుపడినదో చెప్పునది అధ్యాపకుడే.

సాహిత్యబోధనకు ఈ పద్ధతి యెంతవఱకు చెల్లునను ప్రశ్న మిగిలియున్నది. పద్యమును కలిసి చదువుకొను తరగతిలో కలుగు రసానుభూతిని ముక్కలుగా విడదీయుట తగదని నా యభిప్రాయము. భాషాప్రవేశ దశకే ఈ కూర్పును నేను సూచించుచున్నాను.

ఉపసంహారము

ఒక పాఠమున కొకే లక్ష్యము, విద్యార్థి భాషనుండి బయలుదేరుట, స్వల్పమైన వినికిడి, వెంటనే ప్రయోగము, ఏకాంతమున పలుకు అవకాశము, కొంత ఎడము తరువాత మరల పరీక్ష. ఇవి పై పరిశీలనమునుండి తేలిన యంశములు. అనుభవము నాది గావున నా తరగతి పరిమితులును దీనికి గలవు. కన్నడ, మలయాళ, మరాఠీ విద్యార్థులకు బోధించు అధ్యాపకులు కాదు–లేదు పాఠమును తమ తరగతులలో పరీక్షించి, ఎచ్చట సరిపడినదో ఎచ్చట సరిపడలేదో తెలియజేసినచో, భాషలవారీగా పాఠములను విభజించుటకు అది తోడ్పడును.